టామ్‌క్యాట్ మొండికేస్తే: మీ యంత్రంలో నిజంగా నడుస్తున్నది ఏదో కనుక్కునే పద్ధతి

బెంగళూరులో కొత్త ప్రాజెక్టులో చేరినవారికి మొదటి వారం కోడ్ రాయడంతో గడవదు. ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన సెటప్ పత్రం ఒకటి చేతికిస్తారు. అందులోని వెర్షన్లు ఇప్పుడు వాడుకలో ఉండవు, చెప్పిన ఫోల్డర్లు కనబడవు. వైట్‌ఫీల్డ్ ఆఫీసులో పక్క సీటులోని వారిని అడిగితే "నా దగ్గర బాగానే నడుస్తోందే" అంటారు. రాత్రి మారతహళ్లిలోని పీజీకి చేరి రూమ్మేటును అడిగితే, టామ్‌క్యాట్ (జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్) తీసేసి మళ్లీ వేసుకోమంటాడు. ఈ రెండో సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది. తీసేసి వేస్తే ఒక్కోసారి పని జరుగుతుంది గాని ఎందుకు జరిగిందో తెలియదు. వచ్చే నెల మళ్లీ అదే తంటా.

డెవలప్‌మెంట్ యంత్రంలో జావా సర్వర్ పెట్టే చిక్కుల్లో చాలావాటికి మూలం ఒకటే: మీరు మార్చింది ఒకటి, నడుస్తున్నది మరొకటి. మీరు జావా 17 వేసుకున్నారు, సర్వర్ జావా 8తో లేచింది. మీరు దిద్దిన కాన్ఫిగరేషన్ ఫైలు ఒకచోట ఉంది, సర్వర్ చదివినది ఇంకోచోట ఉంది. మీరు ఇప్పుడే బిల్డ్ చేశారు, బ్రౌజర్‌కు జవాబిస్తున్నది నిన్నటి వార్ ఫైలు (అప్లికేషన్ మొత్తాన్ని మూటకట్టిన ఫైలు). అందుకే ఏ మెట్టు దగ్గరైనా ముందు వేసుకోవలసిన ప్రశ్న "ఏం మార్చాలి" కాదు, "ఇప్పుడు నడుస్తున్నది ఏది" అన్నది.

ఇక్కడ ఉదాహరణలన్నీ అపాచీ టామ్‌క్యాట్‌వి. వైల్డ్‌ఫ్లై, వెబ్‌లాజిక్ లాంటి వేరే జావా సర్వర్లు వాడేవారికి ఫైళ్ల పేర్లు, పోర్టులు మారతాయి, పద్ధతి మారదు.

మెట్టు 1: ఏదీ ముట్టకుండా లాగ్ చదవండి

సర్వర్ తాను చేసిందంతా రాసుకునే ఫైలే లాగ్. టామ్‌క్యాట్ ఫోల్డర్‌లో లాగ్స్ అనే ఉపఫోల్డర్ ఉంటుంది. అందులో ముఖ్యమైనవి రెండు రకాలు: కాటలీనా అన్న పేరుతో మొదలయ్యేవి, లోకల్‌హోస్ట్ అన్న పేరుతో మొదలయ్యేవి. ఎక్కువమంది మొదటిదే తెరుస్తారు. అందులో "లిజనర్లలో ఏదో మొదలు కాలేదు, పూర్తి వివరాలు తగిన కంటైనర్ లాగ్‌లో ఉంటాయి" అన్న అర్థమిచ్చే వాక్యం కనబడుతుంది. అక్కడితో ఆగి, ఆ వాక్యాన్నే గూగుల్‌లో వెతుకుతారు. వేల ఫలితాలు వస్తాయి, ఒక్కటీ పనికిరాదు. ఎందుకంటే ఆ వాక్యం రోగం పేరు చెప్పడం లేదు, రిపోర్టు ఏ గదిలో ఉందో చెబుతోంది. ఆ గది లోకల్‌హోస్ట్ లాగ్. ఆనాటి తేదీతో ఉన్న లోకల్‌హోస్ట్ ఫైలు తెరిస్తే అసలు ఎక్సెప్షన్ (దోషం గురించి జావా ఇచ్చే వివరం) అక్కడ ఉంటుంది.

ఎక్సెప్షన్ దొరికాక దాన్ని కింది నుంచి చదవండి. జావాలో ఒక దోషం మరో దోషాన్ని చుట్టుకుని బయటికి వస్తుంది. పైన స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ వారి పొడవాటి వాక్యం, దాని కింద "కాజ్డ్ బై" అని ఒకటి, దాని కింద ఇంకొకటి. చిట్టచివరి "కాజ్డ్ బై" దగ్గరే అసలు సంగతి చాలాసార్లు బయటపడుతుంది: ఒక క్లాస్ దొరకలేదనో, డేటాబేస్ పాస్‌వర్డ్ తప్పనో, పోర్టు ఖాళీ లేదనో. అలాగే ఒకే లాగ్‌లో పది ఎర్రర్లుంటే కాలక్రమంలో మొదటిదాన్ని పట్టుకోండి. తక్కినవి దాని పిల్లలే అయ్యుంటాయి.

విండోస్‌లో ఒక తేడా ఉంది. లైనక్స్‌లో ప్రోగ్రామ్ కన్సోల్‌కు రాసేదంతా కాటలీనా డాట్ అవుట్ అనే ఫైలులోకి చేరుతుంది. విండోస్‌లో బ్యాచ్ ఫైలుతో మొదలుపెడితే ఆ ఫైలు పుట్టదు; అదంతా నల్ల కిటికీలోనే ఉంటుంది, కిటికీతోపాటే పోతుంది. కిటికీ మెరిసి మాయమవుతుంటే స్టార్టప్ ఫైలును రెండుసార్లు నొక్కి తెరవడం మానేయండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, బిన్ ఫోల్డర్‌లోకి వెళ్లి, కాటలీనా ఆదేశానికి "రన్" అని చేర్చి నడపండి. అప్పుడు సందేశాలు అదే కిటికీలో నిలిచిపోతాయి. అదే ఆదేశానికి "కాన్ఫిగ్‌టెస్ట్" అని చేరిస్తే, సర్వర్‌ను లేపకుండానే సర్వర్ డాట్ ఎక్స్ఎంఎల్ ఫైలులో తప్పుందేమో చూసి చెబుతుంది. ఇంత పనికొచ్చే సదుపాయాన్ని వాడేవారు అరుదు.

మెట్టు 2: ఏ జావా, ఏ ఫోల్డర్

ఇప్పుడు లాగ్ మొదటి పేజీకి వెళ్లండి. టామ్‌క్యాట్ లేస్తూనే తన జాతకమంతా అక్కడ రాస్తుంది: సర్వర్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, జావా ఎక్కడ ఉన్నదీ, దాని వెర్షన్, కాటలీనా బేస్ (కాన్ఫిగరేషన్, అప్లికేషన్లు ఉన్న ఫోల్డర్), కాటలీనా హోమ్ (టామ్‌క్యాట్ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్), ఇచ్చిన ఆప్షన్లన్నీ. దీన్ని వెర్షన్ లాగర్ లిజనర్ అనే భాగం రాస్తుంది. ఎక్సెప్షన్ కోసం ఆత్రంగా కిందికి జారిపోయే వారెవరూ దీన్ని చూడరు. నా మటుకు మొత్తం లాగ్‌లో ఇంతకంటే విలువైన భాగం లేదు.

మొదట జావా వెర్షన్ చూడండి. టామ్‌క్యాట్ 9కు జావా 8 లేదా ఆపైది చాలు. 10.1కి కనీసం 11 కావాలి. టామ్‌క్యాట్ 11కు కనీసం 17. ఇక మీ కోడ్ ఏ జావాతో కంపైల్ అయిందో, సర్వర్ దానికంటే పాత జావాతో నడుస్తుంటే "అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్" అనే ఎర్రర్ వస్తుంది. అందులో 61, 55 లాంటి అంకెలు కనబడతాయి. వాటిని చూసి కంగారు పడనక్కర్లేదు, 44 తీసేస్తే జావా వెర్షన్ తేలుతుంది. 52 అంటే 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. "61తో కంపైల్ అయింది, నేను 52 వరకే గుర్తిస్తాను" అని ఆ ఎర్రర్ చెబుతుంటే మీ కోడ్ 17లో ఉంది, సర్వర్ 8లో ఉంది అన్నమాట.

"నేను జావా హోమ్ వేరియబుల్ మార్చాను కదా" అని మీరు అంటారు. మార్చే ఉంటారు. కానీ ఒక ల్యాప్‌టాప్‌లో జావాను ఎంచుకునే చోట్లు చాలా ఉన్నాయి. టెర్మినల్‌లో జావా అని కొడితే పాత్ వేరియబుల్‌లో ముందు ఏది ఉంటే అది పలుకుతుంది. బిల్డ్ చేసే పనిముట్టు మావెన్ జావా హోమ్ చూస్తుంది. టామ్‌క్యాట్ స్క్రిప్టు జేఆర్‌ఈ హోమ్ అనే వేరియబుల్ ఉంటే దాన్నే పట్టుకుంటుంది, లేకపోతేనే జావా హోమ్ వైపు చూస్తుంది. కోడ్ రాసుకునే ఎక్లిప్స్‌కు తన సొంత జాబితా ఉంది. విండోస్‌లో సర్వీస్‌గా వేసుకుంటే ఆ సర్వీస్ సెట్టింగుల్లో ఇంకో జావా ఉంటుంది. పాత ఉద్యోగి వాడి వదిలిన ల్యాప్‌టాప్ మీకిచ్చి ఉంటే జేఆర్‌ఈ హోమ్ మిగిలిపోయి ఉందేమో ముందుగా చూడండి.

ఇంకా అనుమానముంటే జేడీకేతోపాటు వచ్చే జేపీఎస్ ఆదేశాన్ని ఎల్, వి అనే రెండు గుర్తులతో నడపండి. మీ పేరుమీద నడుస్తున్న జావా ప్రాసెస్‌లన్నీ, ఒక్కొక్కదానికి ఇచ్చిన ఆప్షన్లతో సహా బయటపడతాయి. మీరు ఆపేశానని అనుకున్న టామ్‌క్యాట్ అక్కడ హాయిగా కూర్చుని కనిపించడం కొత్తేమీ కాదు.

తరువాత కాటలీనా బేస్ చూడండి. ఎక్లిప్స్ వాడేవారిని ఎక్కువగా ఏడిపించేది ఇదే. ఎక్లిప్స్ లోపలి నుంచి టామ్‌క్యాట్‌ను లేపితే, అది మీరు వేసుకున్న టామ్‌క్యాట్ ఫోల్డర్‌లోని కాన్ఫిగరేషన్‌ను చదవదు. మీ వర్క్‌స్పేస్‌లో మెటాడేటా ఫోల్డర్ అడుగున టీఎంపీ 0 అనో టీఎంపీ 1 అనో ఒక చోటు పెట్టుకుని, దాన్ని బేస్‌గా వాడుకుంటుంది. అక్కడికి చేరే సర్వర్ డాట్ ఎక్స్ఎంఎల్ ఎక్లిప్స్‌లో సర్వర్స్ అనే పేరుతో కనబడే ప్రాజెక్టు నుంచి వస్తుంది. మీరు అసలు టామ్‌క్యాట్ ఫోల్డర్‌లో పోర్టు 8080ని 8090 చేసి ఎంతసేపు చూసినా ఫలితం ఉండదు. మార్చవలసినది ఆ సర్వర్స్ ప్రాజెక్టులో ఉన్న ప్రతి.

దీనికి అనుబంధంగా ఇంకో భ్రమ: ఎక్లిప్స్ నుంచి సర్వర్ లేపి, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8080 తెరిస్తే 404 వస్తుంది. టామ్‌క్యాట్ పిల్లి బొమ్మ పేజీ రాలేదని సెటప్ చెడిపోయిందనుకుంటారు. చెడలేదు. ఆ స్వాగత పేజీ టామ్‌క్యాట్ వెబ్‌యాప్స్ ఫోల్డర్‌లో ఉంటుంది, ఎక్లిప్స్ వాడే కొత్త బేస్‌లో అది లేదు. మీ అప్లికేషన్ పేరు చేర్చి తెరవండి. ఇంటెలిజే ఐడియా కూడా తనకంటూ వేరే బేస్ పెట్టుకుంటుంది, కాబట్టి అక్కడా ఇదే జాగ్రత్త.

మెట్టు 3: పోర్టు ఎవరి చేతిలో ఉంది

టామ్‌క్యాట్ మామూలుగా 8080లో వెబ్ అభ్యర్థనలు వింటుంది, 8005లో ఆగిపొమ్మన్న ఆజ్ఞ కోసం చూస్తుంది. 8009లో ఏజేపీ అనే మరో ద్వారం ఉండేది. 2020లో ఘోస్ట్‌క్యాట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక వచ్చిన వెర్షన్లలో దాన్ని డిఫాల్ట్‌గా మూసివేశారు. పాత పత్రం చూసి 8009 కోసం వెతక్కండి.

పోర్టు ఖాళీ లేకపోతే "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అన్న బైండ్ ఎక్సెప్షన్ వస్తుందని అందరికీ తెలుసు. ఆ తరువాత జరిగేదే చాలామందికి తెలియదు. 8080 దొరకకపోయినా టామ్‌క్యాట్ వెంటనే పడిపోదు. ఎర్రర్ రాసి, ముందుకు సాగి, అప్లికేషన్లన్నీ ఎత్తి, చివర "సర్వర్ ఇన్ని మిల్లీసెకన్లలో మొదలైంది" అని సంతోషంగా ప్రకటిస్తుంది. ఆ తరువాత 8005 తెరవబోయి, అదీ దొరకకపోతే అప్పుడు చల్లగా ఆగిపోతుంది. మీరు ఆ ప్రకటన మాత్రమే చూసి బ్రౌజర్ తెరుస్తారు. పేజీ వస్తుంది! ఆ పేజీని ఇచ్చింది మాత్రం ఇంతకుముందు నుంచి నడుస్తున్న పాత ప్రాసెస్. మీ కొత్త కోడ్ అందులో లేదు. "కోడ్ మార్చినా మార్పు కనబడటం లేదు" అన్న ఫిర్యాదుకు తరచూ ఇదే కారణం. లాగ్‌ను చివరి నుంచి కాక మొదటి నుంచి చదివితే బైండ్ ఎక్సెప్షన్ అక్కడే ఉంటుంది.

పోర్టు ఎవరు పట్టుకున్నారో చూడటానికి విండోస్‌లో నెట్‌స్టాట్ ఆదేశానికి ఎ, ఎన్, ఓ గుర్తులు చేర్చి, ఫలితంలో 8080 ఉన్న వరుస చూడండి. చివరి అంకె ప్రాసెస్ సంఖ్య. లైనక్స్‌లో ఎస్ఎస్ ఆదేశం, మ్యాక్‌లో ఎల్ఎస్ఓఎఫ్ ఆదేశం అదే పని చేస్తాయి. అది పాత టామ్‌క్యాటే అయితే ముందు షట్‌డౌన్ స్క్రిప్టుతో ఆపండి, వినకపోతేనే ప్రాసెస్‌ను చంపండి. బిల్డ్ సర్వర్ జెన్‌కిన్స్ కూడా డిఫాల్ట్‌గా 8080నే కోరుకుంటుంది, ఒరాకిల్ ఎక్స్‌ప్రెస్ 11జీ కూడా అంతే. వాటిని చంపకుండా మీ పోర్టు మార్చుకోవడం మర్యాద.

విండోస్‌లో మాత్రం విచిత్రమైన సందర్భం ఒకటి ఉంది. నెట్‌స్టాట్‌లో ఆ పోర్టు దగ్గర ఎవరూ ఉండరు, అయినా బైండ్ కుదరదు. హైపర్-వి (విండోస్ వర్చువల్ మెషీన్ సదుపాయం) ఉన్న యంత్రాల్లో విండోస్ కొన్ని పోర్టుల వరుసలను ముందే రిజర్వు చేసుకుంటుంది. అప్లికేషన్లను కంటైనర్లలో నడిపే డాకర్ వేసుకున్నవారికి ఇది బాగా తగులుతుంది. నెట్‌ఎస్‌హెచ్ ఆదేశంతో, మినహాయించిన పోర్టుల జాబితా అడిగితే ఆ వరుసలు కనబడతాయి. మీ పోర్టు వాటిలో ఉంటే వాదించకుండా వేరే పోర్టు తీసుకోండి.

మెట్టు 4: జావాఎక్స్, జకార్తా

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది శబ్దం చేయకుండా దెబ్బతీస్తుంది.

జావా ఈఈ అనే సర్వర్ ప్రమాణాల సంపుటిని ఒరాకిల్ సంస్థ ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు 2017లో అప్పగించాలని నిర్ణయించింది. పేరు హక్కుల విషయంలో ఒప్పందం కుదరక, జావాఎక్స్ అన్న ప్యాకేజీ పేరుతో కొత్త మార్పులు చేసే వీలు లేకపోయింది. దాంతో 2020లో వచ్చిన జకార్తా ఈఈ 9లో ఆ పేర్లన్నీ జకార్తాగా మారాయి. టామ్‌క్యాట్ 9 వరకు పాత పేర్లు, 10 నుంచి కొత్త పేర్లు. స్ప్రింగ్ 5, స్ప్రింగ్ బూట్ 2 పాత పక్షం. స్ప్రింగ్ 6, స్ప్రింగ్ బూట్ 3 కొత్త పక్షం, వాటికి జావా 17 కూడా కావాలి.

పక్షం తప్పితే గట్టిగా ఎర్రర్ రావాలని మనం ఆశిస్తాం. వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో సర్వ్‌లెట్లు (అభ్యర్థనలకు జవాబిచ్చే జావా క్లాసులు) రాసుకున్న పాత అప్లికేషన్ అయితే క్లాస్ దొరకలేదని ఎర్రర్ వచ్చే అవకాశం ఉంది. కానీ అన్నీ అనోటేషన్లతో (కోడ్‌లోనే పెట్టే గుర్తులతో) రాసిన అప్లికేషన్‌ను తప్పు పక్షపు టామ్‌క్యాట్‌లో పెడితే ఏ చప్పుడూ ఉండదు. టామ్‌క్యాట్ 10 జకార్తా పేరుతో ఉన్న అనోటేషన్ల కోసమే వెతుకుతుంది, మీ జావాఎక్స్ అనోటేషన్లు దాని కంటికి ఆనవు. స్ప్రింగ్ బూట్ వార్ ఫైలు కూడా ఇలాగే: మొదలుపెట్టే క్లాసును ఏ పేరున్న ఫైలులో వెతకాలో రెండు పక్షాలకూ తేడా. వార్ విప్పుకుంటుంది, డిప్లాయ్ అయిందని లాగ్ చెబుతుంది, స్ప్రింగ్ బ్యానర్ మాత్రం కనబడదు. బ్రౌజర్‌లో 404. లాగ్‌లో ఎర్రర్ లేకుండా, స్ప్రింగ్ తాలూకు ఒక్క వరుస కూడా లేకుండా 404 వస్తే, ఇంకేదీ చూడకముందు పక్షం సరిపోయిందో లేదో చూడండి.

పరిష్కారం సులువు. పాత అప్లికేషన్ అయితే టామ్‌క్యాట్ 9 వాడండి. తప్పనిసరిగా 10 మీదే నడపాలంటే, వార్‌ను వెబ్‌యాప్స్‌లో కాకుండా దాని పక్కన వెబ్‌యాప్స్-జావాఈఈ అనే ఫోల్డర్ చేసి అందులో వేయండి. టామ్‌క్యాట్ పేర్లు మార్చి తనే డిప్లాయ్ చేస్తుంది. డెవలప్‌మెంట్‌కు ఇది చాలు. దీన్నే శాశ్వత మార్గం చేసుకోవడం నాకు నచ్చదు, ఎందుకంటే అప్పుడు మీరు డీబగ్ చేసే క్లాసులు మీరు కంపైల్ చేసినవి కావు.

ఇదే కుటుంబానికి చెందిన ఇంకో రెండు. జావా 11 నుంచి, ఎక్స్ఎంఎల్ పనికి వాడే జాక్స్‌బి లాంటి కొన్ని భాగాలను జేడీకే నుంచి తీసేశారు. పాత కోడ్ వాటిని వెతుక్కుని క్లాస్ దొరకలేదంటుంది. మావెన్‌లో విడిగా చేర్చుకోవాలి. జావా 17లో పాత లైబ్రరీలు జేడీకే అంతర్భాగాల్లోకి రిఫ్లెక్షన్‌తో చొరబడబోతే "ఇనాక్సెసిబుల్ ఆబ్జెక్ట్" ఎక్సెప్షన్ వస్తుంది. యాడ్ ఓపెన్స్ అనే ఆప్షన్‌తో దాటవచ్చు, లైబ్రరీ కొత్త వెర్షన్ తెచ్చుకోవడం దానికంటే మేలు.

మెట్టు 5: 404, జార్‌ల తగువు

పక్షం సరిగ్గానే ఉండి 404 వస్తుంటే చిరునామా చూడండి. వార్ ఫైలు పేరే చిరునామాలో మొదటి ముక్క. అందులో చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాలు వేరు. మావెన్ వెర్షన్ సంఖ్యతో సహా వార్‌కు పేరు పెడుతుంది కాబట్టి చిరునామాలోనూ ఆ సంఖ్య వస్తుంది. ఏ ముక్కా లేకుండా తెరవాలంటే వార్ పేరు పెద్ద అక్షరాల్లో రూట్ అని ఉండాలి.

డిప్లాయ్ అయ్యాక కూడా పాత పేజీలే వస్తుంటే, వెబ్‌యాప్స్‌లో విప్పిన ఫోల్డర్ నిన్నటిదేమో దాని ఫైళ్ల తేదీలు చూసి తేల్చుకోండి. సర్వర్ ఆపి, ఆ ఫోల్డర్‌నూ వర్క్ అనే ఫోల్డర్‌లోని సరుకునూ తీసేయవచ్చు. వర్క్‌లో ఉండేవి కంపైల్ అయిన జేఎస్‌పీలు, అవి మళ్లీ పుడతాయి.

జార్‌ల (లైబ్రరీ ఫైళ్ల) తగువు "నో సచ్ మెథడ్" అన్న రూపంలో బయటపడుతుంది. క్లాస్ ఉంది, అందులో మీరు పిలిచిన మెథడ్ లేదు. అంటే అదే లైబ్రరీ పాత వెర్షన్ ముందుగా లోడ్ అయింది. టామ్‌క్యాట్ మీ అప్లికేషన్‌లోని క్లాసులను, ఆపై దాని లిబ్ ఫోల్డర్‌ను చూసి, ఆ తరువాతే తన లిబ్ ఫోల్డర్ వైపు వెళుతుంది. జావా మూల క్లాసులకు, సర్వ్‌లెట్ క్లాసులకు మాత్రం ఈ వరుస వర్తించదు. కాబట్టి తగువు ఎక్కువగా మీ వార్ లోపలే ఉంటుంది. మావెన్‌లో డిపెండెన్సీ ట్రీ అడిగి, ఏ లైబ్రరీ ఏ వెర్షన్‌ను లాక్కొచ్చిందో చూడండి. సర్వ్‌లెట్ ఏపీఐ జార్‌కు స్కోప్ ప్రొవైడెడ్ అని పెట్టండి. పెట్టకపోతే అది కూడా మీ వార్‌లోకి చేరుతుంది.

మెట్టు 6: డేటాబేస్, మన టైమ్‌జోన్

డేటాసోర్స్‌ను (డేటాబేస్ కనెక్షన్ వివరాలను) టామ్‌క్యాట్ కాంటెక్స్ట్ ఫైలులో ప్రకటించి ఉంటే, కనెక్షన్లు తెరిచేది టామ్‌క్యాటే. కాబట్టి జావాను డేటాబేస్‌తో కలిపే జేడీబీసీ డ్రైవర్ జార్ టామ్‌క్యాట్ లిబ్‌లో ఉండాలి. డాకర్‌లో అప్లికేషన్ నడుపుతూ డేటాబేస్ చిరునామాగా లోకల్‌హోస్ట్ రాస్తే, ఆ లోకల్‌హోస్ట్ ఆ కంటైనరే, మీ ల్యాప్‌టాప్ కాదు. కంపోజ్ ఫైలులో డేటాబేస్‌కు ఇచ్చిన సర్వీస్ పేరు రాయండి.

మన దేశంలో కూర్చున్నవారికే తగిలే ఎర్రర్ ఒకటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు కనెక్ట్ కాబోతే, టైమ్‌జోన్ విలువ ఏషియా స్లాష్ కలకత్తా చెల్లదని అది తిప్పికొడుతుంది. మీ కోడ్‌లో ఆ మాట ఎక్కడా ఉండదు. విండోస్ తన "ఇండియా స్టాండర్డ్ టైమ్"ను జావాకు అందిస్తే, జావా దాన్ని కలకత్తా అన్న పాత పేరుగా మార్చుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ ఆ పేరును కనెక్షన్ మొదట్లోనే పంపుతుంది. పాత పేర్లను పక్కన పెట్టిన కొత్త డాకర్ ఇమేజ్‌లలో డేటాబేస్ దాన్ని గుర్తించదు. జావాకు యూజర్ డాట్ టైమ్‌జోన్ అనే ప్రాపర్టీలో ఏషియా స్లాష్ కోల్‌కతా అని ఇవ్వండి. అంతే. లైనక్స్ వాడే పక్క సీటువారికి ఇది సాధారణంగా రాదు కాబట్టి వారు మీ మాట నమ్మకపోవచ్చు.

ఇలాంటి ఆప్షన్లు ఎక్కడ రాయాలన్నది ఇక్కడే చెప్పుకోవాలి. బిన్ ఫోల్డర్‌లో సెట్‌ఈఎన్‌వి అనే పేరుతో ఒక ఫైలు మీరే సృష్టించండి. విండోస్‌లో బ్యాట్, లైనక్స్‌లో ఎస్‌హెచ్. అందులో కాటలీనా ఆప్ట్స్ అనే వేరియబుల్‌కు ఆప్షన్లు ఇవ్వండి. కాటలీనా స్క్రిప్టునే దిద్దితే టామ్‌క్యాట్ వెర్షన్ మార్చిన రోజున మీ దిద్దుబాట్లు పోతాయి. జావా ఆప్ట్స్‌లో ఎందుకు రాయకూడదంటే, అది సర్వర్‌ను ఆపే చిన్న ప్రాసెస్‌కు కూడా వర్తిస్తుంది. జేఎంఎక్స్ (జావా ప్రాసెస్‌ను బయటి నుంచి గమనించే సదుపాయం) పోర్టు అందులో ఇస్తే, ఆపడానికి వచ్చిన ప్రాసెస్ కూడా అదే పోర్టు తెరవబోయి పడిపోతుంది, సర్వర్ ఆగదు. ఎక్లిప్స్ మాత్రం ఈ ఫైలును చదవదు. అక్కడ లాంచ్ కాన్ఫిగరేషన్‌లోని వీఎం ఆర్గ్యుమెంట్లలో రాయాలి.

మెట్టు 7: ఆఫీసు నెట్‌వర్క్, సర్టిఫికెట్లు

పీజీ వైఫైలో దిగిన మావెన్ డిపెండెన్సీలు ఆఫీసులో దిగకపోతే, ప్రాక్సీ (ఇంటర్నెట్‌కు మధ్యవర్తిగా ఉండే సర్వర్) ఉందేమో చూడండి. బ్రౌజర్‌కు తెలిసిన ప్రాక్సీ మావెన్‌కు తానుగా తెలియదు, సెట్టింగ్స్ ఫైలులో చెప్పాలి.

"పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్" అన్న ఎర్రర్ వస్తే వ్యవహారం వేరు. చాలా ఆఫీసుల్లో భద్రత కోసం బయటికి వెళ్లే హెచ్‌టీటీపీఎస్ రాకపోకలను మధ్యలో విప్పి, తమ సర్టిఫికెట్‌తో మళ్లీ మూసి పంపుతారు. ఆ సర్టిఫికెట్‌ను కంపెనీవారు విండోస్‌లో ముందే చేర్చి ఉంటారు కాబట్టి క్రోమ్ నోరెత్తదు. జావా విండోస్ నమ్మకాలను పట్టించుకోదు, తనకంటూ సీఏసర్ట్స్ అనే భాండారం ఉంది. కంపెనీ మూల సర్టిఫికెట్‌ను జావాతో వచ్చే కీటూల్‌తో అందులో చేర్చాలి. దాని డిఫాల్ట్ పాస్‌వర్డ్ ఛేంజ్‌ఇట్. ఇది కూడా జావా జావాకూ వేరు! రెండో మెట్టులో తేల్చుకున్న జావాలోనే చేర్చండి, లేకపోతే చేర్చినా చేర్చనట్టే. విండోస్‌లో ఇంకో దారి: ట్రస్ట్‌స్టోర్ రకంగా విండోస్-రూట్ అని ఇస్తే జావా విండోస్ భాండారాన్నే చూస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే "సర్టిఫికెట్ తనిఖీని ఆపేసే" కోడ్ జోలికి పోకండి. అది అక్కడే ఆగదు, ఏదో ఒక రోజు ప్రొడక్షన్‌కు చేరుతుంది.

మెట్టు 8: తెలుగు అక్షరాలు చెడిపోతే

ఫారంలో "వెంకటలక్ష్మి" అని నింపి సేవ్ చేస్తే ఏమొచ్చిందో దగ్గరగా చూడండి. రెండు రకాల చెడిపోవడాలున్నాయి, రెండింటికీ మందు వేరు.

అన్నీ ప్రశ్నార్థకాలైతే, తెలుగు పట్టని ఎన్‌కోడింగ్‌లోకి ఎవరో మార్చేశారు. అక్షరాలు అక్కడే పోయాయి, వాటిని వెనక్కి తేలేం. లాటిన్-1 కాలమ్ ఉన్న మైఎస్‌క్యూఎల్ టేబుల్, పాత జావాలో విండోస్ డిఫాల్ట్ ఎన్‌కోడింగ్‌తో రాసిన ఫైలు ఇలా చేస్తాయి. జావా 18 నుంచి డిఫాల్ట్ యూటీఎఫ్-8 అయింది. అంతకుముందు వాటికి ఫైల్ ఎన్‌కోడింగ్ ప్రాపర్టీ ఇవ్వాలి.

తలపై గీత ఉన్న ఇంగ్లిషు 'ఎ', దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్‌మైనస్ గుర్తో, ఈ జంట పదేపదే వస్తుంటే సంతోషించండి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. మొదటి రెండు ఎప్పుడూ ఆ జంటలే. అంటే బైట్లు క్షేమంగా ఉన్నాయి, చదివేవారు తప్పు కళ్లద్దాలతో చదివారు. టామ్‌క్యాట్ 8 నుంచి చిరునామాలోని అక్షరాలను యూటీఎఫ్-8గానే చదువుతారు గాని, పోస్ట్ చేసిన ఫారం సంగతి వేరు. ఎన్‌కోడింగ్ చెప్పకపోతే సర్వ్‌లెట్ నియమాల ప్రకారం లాటిన్-1గా చదవవలసి వస్తుంది. టామ్‌క్యాట్ 9 నుంచి వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో రిక్వెస్ట్ క్యారెక్టర్ ఎన్‌కోడింగ్ అనే ఒక్క వరుసతో ఇది తేలిపోతుంది.

మెట్టు 9: లేవడానికి యుగాలు పడుతుంటే

ముందుగా డీబగ్ ఆప్షన్లలో సస్పెండ్ అన్నదానికి వై అని ఉందేమో చూడండి. ఉంటే సర్వర్ మీ డీబగ్గర్ వచ్చి తగిలేదాకా కదలదు; ఒక పోర్టులో వింటున్నానన్న వరుస తప్ప ఇంకేమీ రాయదు. ఎక్లిప్స్ అయితే డిఫాల్ట్‌గా 45 సెకన్లు చూసి తనే విసిగి ఆపేస్తుంది. ఆ గడువును సర్వర్ పేరుమీద రెండుసార్లు నొక్కి పెంచుకోవచ్చు. లైనక్స్ వర్చువల్ మెషీన్‌లో సెక్యూర్‌రాండమ్ తయారీకి ఇన్ని మిల్లీసెకన్లు పట్టిందన్న హెచ్చరిక కనబడితే, జావాను డెవ్ ఫోల్డర్‌లోని యూరాండమ్ వైపు మళ్లించే ఆప్షన్ ఇవ్వండి.

మెమరీ చాలలేదంటే ఏ మెమరీయో చదవండి. హీప్ (ఆబ్జెక్టులు ఉండే చోటు) అయితే ఎక్స్ఎంఎక్స్ అనే ఆప్షన్ పెంచవచ్చు. మెటాస్పేస్ (క్లాసుల వివరాలు ఉండే చోటు) అయితే, అదీ పదేపదే రీడిప్లాయ్ చేశాకే వస్తుంటే, పాత అప్లికేషన్ క్లాసులు విడుదల కావడం లేదు. అప్లికేషన్ మొదలుపెట్టిన థ్రెడ్‌ను ఆపలేదని టామ్‌క్యాట్ ఆ పేరుతో సహా లాగ్‌లో ఫిర్యాదు చేసే ఉంటుంది. ఆ థ్రెడ్ ఎవరిదో వెతకండి. అంతవరకు కాసేపటికోసారి సర్వర్‌ను పూర్తిగా ఆపి లేపుకోండి.

ఏ ఎర్రరూ లేక, కదలకుండా నిలిచిపోతే జేడీకేలోని జేస్టాక్‌తో థ్రెడ్ డంప్ (ఏ థ్రెడ్ ఏ వరుసలో ఉందో చూపే జాబితా) తీయండి. పది సెకన్ల తేడాతో రెండు మూడు తీసి పోల్చండి. మెయిన్ థ్రెడ్ ప్రతిసారీ ఒకే వరుసలో ఉంటే అక్కడే ఇరుక్కుంది. సాకెట్ చదివే దగ్గరైతే వీపీఎన్ తెగి డేటాబేస్ అందక ఎదురుచూస్తున్నట్టు.

అడగవలసి వస్తే

ఇంత చేసినా తేలకపోతే టీమ్‌లోని పెద్దవారిని అడగడంలో తప్పులేదు, స్క్రీన్‌ను ఫోనుతో ఫొటో తీసి పంపడమే తప్పు. లాగ్ మొదట్లోని వెర్షన్ వరుసలు, కాలక్రమంలో మొదటి ఎర్రర్ దాని చివరి "కాజ్డ్ బై"తో సహా, జేపీఎస్ ఫలితం, మీరు చివరగా మార్చిన ఫైలు పూర్తి దారి పంపండి. పాస్‌వర్డ్‌లు ముందుగా తీసేయండి. జేపీఎస్ చూపే ఆప్షన్లలో అవి కూడా ఉండవచ్చు. జవాబు దొరికాక ఆ ఆప్షన్‌ను మీ సెట్‌ఈఎన్‌వి ఫైలులో రాసి, దాని నమూనాను ప్రాజెక్టు గిట్‌లోకి చేర్చండి, సెటప్ పత్రంలో ఆ పాత వరుస కొట్టేయండి.